బుకింగ్ లేకుండా లేక్ ఒడ్డున మకాం: మీ ప్రశ్నలు, మా జవాబులు

వేసవి సెలవులు దగ్గర పడేకొద్దీ ఆర్వీ (ఇల్లులా వాడుకునే బండి) ప్రయాణాల మీద ఉత్తరాలు పెరుగుతున్నాయి. ఈసారి వచ్చినవాటిలో చాలా మటుకు ఒకే సంగతి అడుగుతున్నాయి. అమెరికాలో రోడ్డు మీద పోతూ పోతూ, ముందుగా ఏదీ బుక్ చేసుకోకుండా, నీళ్ళ పక్కన ఒక రాత్రి బండి ఆపుకోవడం ఎలా? చోటు దొరకడం దగ్గర్నుంచి, దొరికిన చోట బండి దిగబడకుండా చూసుకోవడం దాకా ఒక్కొక్కటే తీసుకుందాం.

ప్రశ్న: ఏ రోజు ఎక్కడ ఆగాలో ముందే రాసిపెట్టుకోకుండా తిరగాలని మా కోరిక. సాయంత్రానికి ఏదో ఒక లేక్ ఒడ్డున ఉండాలి. ఇది జరిగే పనేనా? ఎక్కడ వెతకాలి?

జరిగే పనే. కాకపోతే బుకింగ్ లేకపోయినా ఫర్వాలేదు గానీ, పొద్దుగూకేదాకా వెతకడమే మొదలుపెట్టకపోతే మాత్రం కష్టం. ఆర్వీ నడిపేవాళ్ళలో 3-3-3 అని ఒక లెక్క ఉంది: రోజుకు 300 మైళ్ళు దాటకూడదు, మధ్యాహ్నం 3 లోపు చేరాలి, చేరినచోట 3 రాత్రులు ఉండాలి. మూడు రాత్రుల సంగతి మీ ఇష్టం. 3 గంటల మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో చెకౌట్ 11కో 12కో ఉంటుంది. అప్పుడు ఖాళీ అయిన సైట్లు (ఒక్కో బండికి కేటాయించిన చోట్లు), సాయంత్రం జనం వచ్చేలోపు మీ కంట పడాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి గురువారం దాకా దొరికే అవకాశం బాగా ఎక్కువ. శుక్రవారం మధ్యాహ్నానికే ఒడ్డు పక్క వరుస నిండిపోతుంది. మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే వారాంతాల్లో బుకింగ్ లేకుండా ఒడ్డు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఎక్కడ అన్నది. చాలామంది నేషనల్ పార్కుల వెంట పడతారు, అక్కడ చోటు దొరకదు. మీరు వెతకాల్సింది ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యం ఇంజనీరింగ్ విభాగం, పొట్టిగా కోర్) జలాశయాలు. వరదలు ఆపడానికీ, కరెంటు తీయడానికీ ఈ సంస్థ నదుల మీద ఆనకట్టలు కట్టింది. 1944 నాటి ఫ్లడ్ కంట్రోల్ చట్టం ఆ జలాశయాల ఒడ్డున పార్కులు కట్టి నడిపే అధికారం కూడా ఇచ్చింది. ఇప్పుడు 43 రాష్ట్రాల్లో 400 పైచిలుకు చోట్ల వాళ్ళ వినోద స్థలాలు ఉన్నాయి. ఆనకట్ట కట్టిన సంస్థే క్యాంప్‌గ్రౌండూ నడుపుతుంది కాబట్టి సైట్లు నీళ్ళ అంచునే ఉంటాయి. సౌత్ డకోటాలో ఒయాహీ, నార్త్ డకోటాలో సకాకవియా, మోంటానాలో ఫోర్ట్ పెక్, ఆర్కన్సాలో వాషిటా, మిస్సోరి అంచున టేబుల్ రాక్, టెనసీలో సెంటర్ హిల్, టెక్సస్-ఓక్లహోమా సరిహద్దులో టెక్సోమా ఇలాంటివే. వీటి తర్వాత స్టేట్ పార్కులు, కౌంటీ పార్కులు చూడండి. కాన్సస్, నెబ్రాస్కా, డకోటాల్లో మరో మంచి సౌకర్యం ఉంది: చిన్న చిన్న ఊళ్ళు తమ సిటీ పార్కులోనే కరెంటుతో నాలుగైదు ఆర్వీ సైట్లు పెట్టి, పక్కన డబ్బుల పెట్టె ఒకటి బిగిస్తాయి. వాటిలో కొన్ని ఊరి చెరువు పక్కనే ఉంటాయి.

వెతికే పద్ధతి ఇది. మధ్యాహ్నం 2 కాగానే, బండి నడపని మనిషి మ్యాప్ తెరిచి ముందున్న 60, 80 మైళ్ళలో ఆనకట్ట ఉన్న లేక్‌లు ఏమున్నాయో చూడాలి. శాటిలైట్ బొమ్మలో ఒడ్డున ఉంగరంలా తిరిగే చిన్న రోడ్డు, దాని చుట్టూ పళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన పార్కింగ్ చాళ్ళు కనిపిస్తే అది క్యాంప్‌గ్రౌండే. తర్వాత ఫెడరల్ క్యాంపుల బుకింగ్ చేసే రిక్రియేషన్ డాట్ గవ్ యాప్‌లో ఆ రోజు తేదీకి చూడండి. కొన్నిచోట్ల అదే రోజు బుకింగ్ ఇస్తారు, కొన్నిచోట్ల ఒకటి రెండు రోజుల ముందే ఆపేస్తారు. యాప్‌లో ఏమీ కనబడకపోయినా ఆ లేక్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ముందొచ్చినవాళ్ళకు ముందు అని ఉంచిన సైట్లు అన్నిసార్లూ యాప్‌లో తేలవు. సైట్ వివరాల్లో పొడవు తప్పక చూడండి. పాత క్యాంప్‌గ్రౌండ్లలో 25 అడుగుల చాళ్ళు మామూలు. కారు కూడా లాక్కెళ్తుంటే రెండూ కలిపి కొలవాలి. లేక్ దగ్గర సిగ్నల్ పోతుంది కాబట్టి ఆ ప్రాంతం మ్యాప్ హైవే మీద ఉండగానే డౌన్‌లోడ్ చేసిపెట్టుకోండి.

62 ఏళ్ళు నిండిన సిటిజన్లకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ సీనియర్ పాస్ ఉంటుంది. దానితో ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో చాలాచోట్ల సైటు రుసుము సగమే. అమ్మానాన్నలు మీతో ప్రయాణిస్తుంటే, గ్రీన్ కార్డు ఉంటే, వాళ్ళ పేరు మీద తీసుకోవచ్చు. సైటులో వాళ్ళు కూడా ఉండాలి.

ప్రశ్న: సాయంత్రం 5 గంటలకు క్యాంప్‌గ్రౌండ్ అంతా తిరిగాం. నీళ్ళ పక్కన మూడు సైట్లు ఖాళీగా ఉన్నాయి, ఒక్క మనిషి లేడు. బండి పెట్టేయొచ్చా?

ముందు స్తంభం చూడండి. ప్రతి సైటు మొదట్లో మోకాలెత్తు గుంజ ఒకటి ఉంటుంది, దానికి ఒక క్లిప్పు. అందులో ఉన్న చీటీ మీద పేరు, తేదీలు రాసి ఉంటే అది ఇంకొకరిది, వాళ్ళు రాత్రి 10కి వచ్చినా సరే. రిక్రియేషన్ డాట్ గవ్ నియమం ప్రకారం, బుక్ చేసుకున్నవాళ్ళు రాకపోయినా మర్నాడు చెకౌట్ వేళ దాకా ఆ సైటు వాళ్ళదే. 'ఇంత చీకటయ్యాక ఎవరొస్తారులే' అని పెట్టేసి, అర్ధరాత్రి పిల్లల్ని లేపి బండి తీయాల్సి రావడం కంటే, క్యాంప్ హోస్ట్‌ని అడగడం మేలు. హోస్ట్ సైటు ప్రవేశం దగ్గరే ఉంటుంది, బోర్డు ఉంటుంది. ఎవరు రద్దు చేసుకున్నారో, ఎవరు ఒకరోజు ముందే వెళ్ళిపోయారో వాళ్ళకు తెలుస్తుంది.

చీటీ లేకపోతే, బోర్డు మీద ముందొచ్చినవాళ్ళదే అని ఉంటే, సైటులో బండి నిలిపి ప్రవేశం దగ్గర డబ్బు వేసే ఇనుప గొట్టం దగ్గరికి నడవండి. అక్కడ కవర్లు ఉంటాయి. డబ్బు కవరులో వేసి, బండి నంబరు, సైటు నంబరు రాసి, చివరి ముక్క చించుకుని మీ గుంజకు తగిలించాలి. చాలాచోట్ల అరగంట లోపు కట్టమంటారు. గొట్టం చిల్లర ఇవ్వదు, అందుకని బండిలో 1, 5, 10 డాలర్ల నోట్లు విడిగా ఉంచుకోండి. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో దీని బదులు క్యూఆర్ కోడ్ బోర్డు పెట్టారు. ఆ యాప్‌ను సిగ్నల్ ఉన్నచోటే ఎక్కించుకుని లాగిన్ అయి ఉండండి.

కుర్చీ ఒకటి వేసి సైటు 'పట్టేసి' ఊళ్ళోకి పోవడం, ఇంకా రాని స్నేహితుల కోసం పక్క సైటులో టెంటు వేసిపెట్టడం కోర్ నియమాలకు విరుద్ధం. అక్కడ ఒక జలాశయంలో 30 రోజుల్లో 14 రోజులకు మించి ఉండకూడదు కూడా.

ప్రశ్న: డబ్బు కట్టే పని లేకుండా లేక్ ఒడ్డున ఎక్కడైనా ఆపుకోవచ్చని విన్నాం. ఎంతవరకు నిజం?

ఆ నేల ఎవరిదో తెలిస్తేనే జవాబు చెప్పగలం. పడమటి రాష్ట్రాల్లో బీఎల్ఎం (ఫెడరల్ భూములు చూసే సంస్థ) భూములు, నేషనల్ ఫారెస్టులు చాలాచోట్ల ఉచితంగా మకాం వేయనిస్తాయి. బీఎల్ఎం భూమిలో మామూలుగా 28 రోజుల్లో 14 రోజులు. నీటికి కనీసం 200 అడుగుల దూరం పాటించాలి. అంటే 'ఒడ్డునే' అన్న మాట అక్కడ చెల్లదు, లేక్ కనిపించేంత దూరం అనుకోండి. 200 అడుగులంటే పెద్దల అడుగులు సుమారు 80. ఇప్పటికే బండ్లు ఆగి గట్టిపడ్డ చోటే ఆపాలి, కొత్తగా గడ్డి తొక్కి దారి చేయకూడదు. నేషనల్ ఫారెస్టులో ఏ రోడ్డు పక్కన ఆపొచ్చో మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్ చెబుతుంది. ఆ రేంజర్ ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. మ్యాపులో రోడ్డు గీతకు ఇరుపక్కలా చుక్కలుంటే ఆ పక్కన మకాం వేయొచ్చు.

కోర్ జలాశయాల దగ్గర ఇలా కుదరదు. ఒడ్డంతా ప్రభుత్వానిదే అయినా, గుర్తించిన క్యాంప్‌గ్రౌండ్లోనే ఉండాలి. పడవలు దించే ర్యాంపు పక్కన విశాలమైన పార్కింగ్ చూసి ఆశపడకండి. అక్కడ రాత్రి ఉండనివ్వరు, ఉండనిచ్చిన ఒకటి రెండు చోట్ల కూడా తెల్లవారుజామున 4కే చేపలు పట్టేవాళ్ళ ట్రక్కులు మొదలవుతాయి.

టెక్సస్, మిస్సోరి లాంటి రాష్ట్రాల్లో ఇంకో గుర్తు తెలిసి ఉండాలి. చెట్ల మీదా కంచె గుంజల మీదా నిలువుగా ఊదారంగు పట్టీ కనిపిస్తే అది ప్రైవేటు స్థలం, లోపలికి రావద్దని అర్థం. టెక్సస్‌లో 1997 నుంచీ ఆ రంగుకు 'నో ట్రెస్‌పాసింగ్' బోర్డుతో సమానమైన విలువ ఉంది.

ప్రశ్న: మాది 28 అడుగుల క్లాస్ సి (ట్రక్కు ఛాసిస్ మీద కట్టిన మోటర్‌హోమ్). నీటి అంచు దాకా కార్లు వెళ్ళిన జాడలు కనిపిస్తే మేమూ వెళ్ళొచ్చా? నేల గట్టిదో కాదో ఎలా పోల్చుకోవాలి? దిగబడితే ఏం చేయాలి?

కారు జాడలు చూసి ఆర్వీని దించకండి. కారు 4,000 పౌండ్లుంటే మీ బండి సరుకుతో కలిపి 12,000 దాటొచ్చు. అందులో ఎక్కువ బరువు వెనక ఇరుసు మీదే ఉంటుంది, ఇంజన్ తిప్పే చక్రాలూ అవే. పైగా జలాశయం ఒడ్డు మామూలు నేల కాదు. మట్టం తగ్గినప్పుడు బయటపడే అంచు నిన్నమొన్నటిదాకా నీటి అడుగున ఉన్న ఒండ్రు. పైన పెంకులా ఎండి పగుళ్ళు దేరి గట్టిగా కనిపిస్తుంది, నాలుగు అంగుళాల కింద పిండిముద్దలా ఉంటుంది. కారు ఆ పెంకు మీద తేలిపోతుంది, ఆర్వీ దాన్ని పగలగొట్టుకుని దిగుతుంది.

బండి గట్టి రోడ్డు మీదే ఆపి, చక్రాలు వెళ్ళాల్సిన రెండు గాడుల వెంటా నడవండి. పది అడుగులకోసారి మడమతో బలంగా తొక్కండి. గుర్తు అరంగుళం లోపు పడితే ముందుకు పోవచ్చు, అంగుళం దిగితే అక్కడితో ఆపేయాలి. ఆ తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్ అరచేత్తో నొక్కండి. గట్టి నేలలో రెండు మూడంగుళాలకే మొరాయిస్తుంది. పిడి దాకా సులువుగా దిగి, పైకి లాగితే కొనకు తడిమట్టి అంటుకుని వస్తే వెనక్కి తిరగండి. చివరగా బండి తిప్పుకునే చోటు ఉందో లేదో చూడాలి. నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి కారు లాక్కెళ్తుంటే దాన్ని తగిలించి ఉండగా రివర్స్ చేయలేరు, కారును లాగే టో బార్ వంగిపోతుంది. తలెత్తి కొమ్మలు కూడా చూసుకోండి. బండి ఎత్తు కొలిచేటప్పుడు పైకప్పు మీది ఏసీ పైభాగం దాకా కొలిచి, ఆ అంకె డ్రైవర్ ఎదురుగా అంటించి ఉంచాలి.

యూటా దక్షిణాన, లేక్ పావెల్ మీద లోన్ రాక్ బీచ్ ఉంది. ముందొచ్చినవాళ్ళకు ముందు, ఇసుక మీదే బండి పెట్టుకోవచ్చు, ఎదురుగా ఒంటరి రాయి. అందుకే ఆ చోటంటే అందరికీ ఇష్టం, అందుకే అక్కడ ఇసుకలో కూరుకుపోయే బండ్లూ ఎక్కువే. పెద్ద బండ్లు పైనున్న గట్టి భాగంలోనే ఆగాలి. అక్కణ్ణుంచి లేక్ బాగానే కనిపిస్తుంది.

చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు అనిపించిన క్షణంలోనే కాలు తీసేయండి. ఆ తర్వాత యాక్సిలరేటర్ తొక్కే ఒక్కో సెకనూ గొయ్యిని లోతు చేస్తుంది. ఇరుసు నేలకు ఆనిందంటే మీ చేతుల్లో ఇంకేమీ లేదు. అందరినీ దించండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి, ఆ నేల మిమ్మల్ని ఒకసారి మోసింది కాబట్టి. టైరు వెనక పారతో మట్టి తీసి వాలుగా దారి చేయండి. రెండేసి చక్రాలుండే వెనక పక్కన వాటి మధ్య ఇరుక్కున్న ఇసుక కూడా తీయాలి. ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టు ఇచ్చే పలకలు) టైరుకు ఆనేలా తోసి, స్టీరింగ్ నిటారుగా ఉంచి, తక్కువ గేరులో ఇంజన్ ఐడిల్‌కు కాస్త పైగా మాత్రమే కదపండి. బండిని సమం చేయడానికి చక్రాల కింద పెట్టే పసుపురంగు ప్లాస్టిక్ లెవెలింగ్ బ్లాకులు ఈ పనికి వాడొద్దు, చక్రం కింద నుంచి రాయిలా ఎగిరి తగులుతాయి. అదే కారణంగా బండి కదిలే దిక్కున ఎవరూ నిలబడకూడదు.

గాలి తగ్గిస్తే ఇసుకలో పట్టు పెరిగేమాట నిజమే. కానీ ఈ టైర్లు 65, 80 పీఎస్ఐ మీద నడుస్తాయి. తిరిగి అంత ఎక్కించగల కంప్రెసర్ మీ దగ్గర ఉంటేనే తగ్గించండి. కార్లకోసం అమ్మే చిన్నవి చాలావరకు అంత దాకా రావు. ఎవరైనా ట్రక్కుతో లాగుతామంటే తాడు ఛాసిస్ కొక్కాలకే కట్టాలి. ట్రైలర్ తగిలించే హిచ్ బాల్‌కు కట్టొద్దు, బాల్ తెగితే తూటాలా వస్తుంది.

అద్దె బండి అయితే సంగతి ఇక్కడిదాకా రానివ్వకండి. చాలా అద్దె ఒప్పందాలు తారు లేని రోడ్డు ఎక్కడాన్నే ఒప్పుకోవు, దిగబడితే ఖర్చంతా మీదే. సొంత బండికైనా రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పత్రంలో రోడ్డు నుంచి ఎన్ని అడుగుల లోపు సాయం వస్తుందో ముందే చదివి పెట్టుకోండి.

ప్రశ్న: ఒడ్డున కొంచెం వాలుగా ఉన్న చోట ఒక రాత్రి ఉన్నాం. తెల్లారేసరికి ఫ్రిజ్ చల్లదనం పోయింది. వాలుకీ ఫ్రిజ్‌కీ సంబంధం ఏమిటి?

మీది గ్యాస్ మీద కూడా నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్ అయి ఉండాలి. ముందు ప్యానెల్ మీద 'గ్యాస్' అనో 'ఆటో' అనో బటన్ ఉందేమో చూడండి. ఇందులో కంప్రెసర్ ఉండదు. వెనక ఉన్న చిన్న బాయిలర్‌ను మంట గానీ కరెంటు గానీ కాస్తుంది, అమ్మోనియా నీటి నుంచి ఆవిరై పైకి పోయి చల్లబడి, తిరిగి కిందికి జారుతుంది. ఆ జారడమంతా వాలు పైనే ఆధారపడింది, తోసే పంపు ఏదీ లేదు. బండి ఒరిగితే ద్రవం గొట్టాల్లో ఒక మూల నిలిచిపోతుంది. బాయిలర్‌లోకి తిరిగి రాదు, మంట మాత్రం ఆగదు. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టినట్టే. గొట్టాలు తుప్పు పట్టకుండా అందులో కలిపిన సోడియం క్రోమేట్ ఆ వేడికి గట్టిపడి సన్నటి గొట్టాన్ని మూసేస్తుంది. ఒక్కసారి మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదు. ఒక్క రాత్రికే చెడకపోవచ్చు, కానీ ప్రతి వాలూ కొంత చేటు చేసిపోతుంది.

సాధారణంగా ఫ్రిజ్‌కు అడ్డంగా 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీల వాలు దాకా ఒప్పుకుంటారు. ఇవి ఫ్రిజ్ దిశలు, బండి దిశలు కావు. పక్క గోడకున్న ఫ్రిజ్‌కు బండి పొడవే 'అడ్డం' అవుతుంది. బబుల్ లెవెల్‌ను ఫ్రీజర్ అడుగున పెట్టి చూడండి. చక్రాల మధ్య 80 అంగుళాలుంటే ఒక డిగ్రీకి 1.4 అంగుళాల తేడా. లెవెలింగ్ బ్లాకు ఒక్కో వరుస సుమారు అంగుళం లేపుతుంది, అంటే 3 డిగ్రీల వాలుకు నాలుగు వరుసలు. మొదట పక్కలకు సమం చేయాలి, తర్వాత చక్రాలకు చాక్స్ (దొర్లకుండా ఆపే అడ్డుముక్కలు) పెట్టాలి, ట్రైలర్ అయితే ఆ తర్వాతే హిచ్ విప్పి ముందున్న జాక్‌తో పొడవు సరిచేయాలి. ఈ వరుస తప్పితే బండి దొర్లుతుంది. జంట చక్రాల కింద రెండింటికీ బ్లాకు ఉండాలి. మూలల్లోని స్టెబిలైజర్లు ఊగకుండా పట్టడానికే, వాటితో బండిని ఎత్తకండి. మోటర్‌హోమ్‌కు జాక్‌లుంటే వెనక చక్రాలు గాల్లోకి లేవకూడదు. పార్కింగ్ బ్రేకు పట్టు ఆ చక్రాల మీదే ఉంటుంది.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్న కొత్త బండ్లకు ఈ బాధ లేదు. వాటి బాధ బ్యాటరీ, అది తర్వాతి జవాబులో.

ప్రశ్న: కరెంటు, నీళ్ళ హుకప్ లేని సైటు దొరికింది. నలుగురం. ఒక రాత్రి గడుస్తుందా?

ట్యాంకు నిండి ఉంటే నీళ్ళు సరిపోతాయి. 40 గ్యాలన్లు పొదుపుగా వాడితే నలుగురికి రెండు రోజులు. ఒళ్ళు తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రాసుకున్నాక మళ్ళీ తెరిస్తే ఒక స్నానానికి 3 నుంచి 5 గ్యాలన్లు. గ్యాలన్ 8.3 పౌండ్లు కాబట్టి నిండు ట్యాంకు 330 పౌండ్ల బరువు. అందుకని రోజంతా మోయకుండా, ఆ రోజు చోటు ఖాయమయ్యాక దగ్గరి ఊళ్ళో నింపుకోండి.

బ్యాటరీ దగ్గరే లెక్క తప్పుతారు. 100 ఆంప్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీలో వాడదగింది సగమే. చలిరాత్రి ఫర్నేస్ గ్యాస్‌తో నడిచినా దాని ఫ్యాను 7, 8 ఆంపులు లాగుతుంది. రాత్రి 8 గంటల్లో సగంసేపు తిరిగితే 30 ఆంప్-అవర్లు అయిపోయినట్టే. దానికి కంప్రెసర్ ఫ్రిజ్ తోడైతే తెల్లారేసరికి రెండూ ఆగుతాయి. పడుకునే ముందు వోల్టేజ్ చూడండి. ఏమీ నడవనప్పుడు 12.7 అంటే నిండుగా ఉంది, 12.1 అంటే సగానికి వచ్చింది. లిథియం అయితే దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు.

ఏసీ బ్యాటరీ మీద ఆశించొద్దు, జనరేటర్ కావాలి. మోటర్‌హోమ్‌లో బిగించిన జనరేటర్ బండి ట్యాంకు నుంచే పెట్రోలు తాగుతుంది, పావు ట్యాంకు దగ్గర దానంతటదే ఆగుతుంది. అది లోపం కాదు, మీరు బయటపడటానికి ఇంధనం మిగలాలని అలా పెట్టారు. క్వైట్ అవర్స్, అంటే చప్పుడు చేయకూడని వేళలు, చాలాచోట్ల రాత్రి 10 నుంచి ఉదయం 6. జనరేటర్ నడుపుతూ నిద్రపోకండి. లేక్ గాలి దిశ మారితే పొగ కిటికీలోంచి లోపలికే వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం బటన్ నొక్కి చూశాకే పడుకోండి. ఎండు గడ్డి మీద అయితే జనరేటర్ అసలు వేయొద్దు, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది.

ప్రశ్న: పాత క్యాంప్‌గ్రౌండ్లో 30 ఆంప్ ప్లగ్గు పెట్టాం. ఏసీ వేయగానే లైట్లు మసకబారుతున్నాయి.

వెంటనే ఏసీ ఆపండి. ఎండాకాలం అందరూ ఒకేసారి ఏసీలు వేస్తే లైను చివరి సైట్లలో వోల్టేజ్ పడిపోతుంది, ఒడ్డు సైట్లు చాలాసార్లు ఆ చివరే ఉంటాయి. వోల్టేజ్ తగ్గితే కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. ఈఎంఎస్ అనే రక్షణ పెట్టె కొని వాడండి, 104 వోల్టుల కిందికి దిగితే అదే ఆపేస్తుంది. ప్లగ్గు పెట్టేముందు పెడెస్టల్ (సైటులోని కరెంటు స్తంభం) బ్రేకర్ కట్టేయాలి. సాకెట్ నల్లగా మాడి ఉన్నా, ప్లగ్గు వదులుగా కదులుతున్నా ఆ సైటు వద్దనండి. 30 ఆంపులంటే 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, కరెంటు మీద వాటర్ హీటర్ మూడూ కలిస్తే దాటిపోతుంది. హీటర్‌ను గ్యాస్ మీదికి మార్చుకోండి.

ప్రశ్న: తలుపు లేక్ వైపు ఉండాలంటే ఎలా ఎంచుకోవాలి? గాలి బాగా కొడుతుందంటారు.

తలుపు, ఆనింగ్ (బయటికి చాపే నీడ గుడ్డ) బండికి కుడివైపు, హుకప్‌లు ఎడమవైపు. మీరు లోపలికి నిలిపాక కుడిచేతి వైపు నీళ్ళుండే సైటు చూడండి. మ్యాప్‌లో ముందే తేలుతుంది. కుడివైపు పడమర అయితే సాయంత్రం ఎండంతా తలుపు మీదే. మధ్యాహ్నం తర్వాత నీటి మీంచి గాలి లేస్తుంది. ఆనింగ్ వేసి నడకకు పోవద్దు, పడుకునే ముందు చుట్టేయండి. ఒక్క విసురుకు ఆనింగ్ చేతులు విరిగి అది బండి గోడకు కొట్టుకుంటుంది. గాలి బలంగా ఉంటే బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా నిలపండి.

ప్రశ్న: లేక్ నీళ్ళు ట్యాంకులో నింపుకోవచ్చా, కాచి వాడతాం. పిల్లలు దిగొచ్చా?

నింపొద్దు. నీటి మీద పచ్చరంగు పెయింటు ఒలికినట్టో, చిక్కటి బఠాణీ పులుసులానో తెట్టు కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు. కాచినా ఆ విషం పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. అలాంటి చోట పిల్లలు దిగకూడదు, కుక్క నీళ్ళు తాగకూడదు, ఒళ్ళు నాకకూడదు. ర్యాంపు దగ్గరి బోర్డు చదవండి. మీ గ్రే (స్నానం, సింకు నీళ్ళు), బ్లాక్ (టాయిలెట్) ట్యాంకుల నీళ్ళు కూడా డంప్ స్టేషన్ దాకా బండిలోనే ఉండాలి. అక్కడ ముందు బ్లాక్ వదిలి, తర్వాత గ్రే వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది.

ప్రశ్న: ఆనకట్ట కింద, నది ఒడ్డున మంచి సైటు దొరికింది. అక్కడ భయమేమైనా ఉందా?

సైరన్ మోగినా, దీపం తిరిగినా నీళ్ళు వదులుతున్నారని అర్థం. చేప పట్టేవాళ్ళు, పిల్లలు వెంటనే గట్టెక్కాలి. ఎండగా ఉన్న రోజునా వదులుతారు, కరెంటు తీయడానికి వానతో పని లేదు. ఆనకట్ట పైపక్క ఒడ్డున ఉంటే తీరు వేరు. వసంతంలో ఎగువన కురిసిన వాన రెండు మూడు రోజులకు మీ సైటు దాకా వస్తుంది. కోర్ ఆఫీసు ప్రతిరోజూ లేక్ మట్టం ప్రకటిస్తుంది, పెరుగుతుంటే పై వరుస సైటు అడగండి.

ప్రశ్న: 7 అయింది, ఏదీ దొరకలేదు. అప్పుడు?

ఆ రాత్రికి లేక్ ఆశ వదిలేయండి. తెలియని మట్టిరోడ్డులోకి చీకట్లో దిగొద్దు. హైవే మీద ట్రక్ స్టాప్ చూసుకోండి, లేదా వాల్‌మార్ట్‌కు ఫోన్ చేసి మేనేజర్‌ని అడగండి. కొన్ని దుకాణాలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, ఊరి చట్టం అడ్డొచ్చే చోట్లూ ఉన్నాయి. రెస్ట్ ఏరియాలో ఎన్ని గంటలు ఆగొచ్చో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, బోర్డు మీద రాసి ఉంటుంది. అక్కడ ఆనింగ్, కుర్చీలు, జాక్‌లు బయటికి తీయకండి. పొద్దున్నే లేచి, పక్కనే ఉన్న లేక్ దగ్గరికి 11 గంటలకల్లా చేరండి. రాత్రి నిండి ఉన్న వరుసలోంచి అప్పుడే బండ్లు బయటికి వస్తుంటాయి.